శత్రువు కుర్చీలో మేనకోడలు

మార్చి 5, గురువారం

మావయ్యా,

నీ మేనకోడలికి పదోన్నతి వచ్చింది. సోమవారం నుంచి నేను శత్రువుని. ఈ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించేటప్పుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆవిడ మొహం ఎలా పెట్టిందో నాకు రాయాలి.

ఆరేళ్ళుగా రక్షణ శాఖ భవనంలో పై అంతస్తు చివరి గదిలో కూర్చుని, ఆ అగ్రరాజ్యం వాళ్ళు అచ్చువేసే కాగితాలు చదివి, మన భాషలోకి మార్చి పైవాళ్ళకు పంపేదాన్ని కదా. వాటిని ఎవరూ చదవడం లేదని నాకు ఎప్పుడో తెలుసు. ఒకసారి నూట నలభయ్యో పేజీలో "ఇక్కడిదాకా వచ్చినవారికి టీ ఇప్పిస్తాను" అని రాసిపెట్టాను. ఇంతవరకూ ఒక్కరూ టీ అడగలేదు. వాళ్ళ ఇరవై రెండు యుద్ధ ఓడలు మీ రేవు ఎదురుగా వచ్చి నిలబడ్డాక మాత్రం అందరికీ నా గది గుర్తొచ్చింది.

ఇప్పుడు ప్రతి గురువారం కింద పెద్ద హాల్లో ఆట. నీలం గుడ్డ పరిచిన బల్ల, దాని మీద మన తీరం పటం, చెక్క ఓడలు. ఒకవైపు జనరల్ గారూ ఆయన మనుషులూ, ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. అందులో నేను. అగ్రరాజ్యం సేనాపతి ఏం చేస్తాడో నేను చెయ్యాలి. "వాళ్ళు ఇలా చేస్తారు" అనకూడదు, "నేను ఇలా చేస్తున్నాను" అనాలి. పైగా ఆ సేనాపతి కంటికి కనిపించేవీ, చేతికి అందేవీ మాత్రమే నాకు తెలిసి ఉండాలి. ఇవాళ మొదటి ఆటలోనే మీ ఊరి మాట రాగానే "మా మావయ్య అక్కడ రేవు పైలట్" అని నోరు జారాను. ఆటకి మధ్యవర్తిగా ఒక రిటైర్డ్ నౌకాధికారి ఉంటాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "అగ్రరాజ్యం సేనాపతికి అక్కడ మావయ్య లేడమ్మా" అన్నాడు. హాలంతా నవ్వు.

ఇప్పుడు అసలు పని. మా దగ్గరున్న లోతుల పుస్తకం పదకొండేళ్ళ నాటిది. ఆ తర్వాత మళ్ళీ అచ్చువేయలేదట. సముద్రంలోంచి రేవులోకి వచ్చే ఓడదారి బాగా ఇరుకయ్యే చోట, ఆ రెండు దీపస్తంభాల మధ్య, పాటు వేళ నీళ్ళు ఎంత లోతుంటాయి? పోటు మీద ఎంత పెరుగుతాయి? ముప్ఫై నాలుగేళ్ళుగా పరాయి ఓడలు ఎక్కి, ఆ ఇరుకులోంచి వాటిని లోపలికి తెస్తున్న మనిషివి. నీకంటే ఎవరికి బాగా తెలుస్తుంది? ఇది రహస్యమేమీ కాదు, వాళ్ళు మన పుస్తకాలు కొనుక్కుని ఇవన్నీ ఎప్పుడో పటంలో వేసుకుని ఉంటారు. ఆటలో తప్పు అంకె పట్టుకుని కూర్చోకూడదని అడుగుతున్నాను, అంతే.

శత్రువైనా నీ కోడలే


మార్చి 11, బుధవారం

చిరంజీవి శత్రువుకి మావయ్య ఆశీస్సులు.

మేం కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు, లేకపోతే ముందు అదే రాసేదానివి.

మీ అత్తయ్య మొహం సంగతి అడిగావు. మొహం పెట్టే తీరిక కూడా లేదు ఆవిడకి. కొండ రోడ్డు మీద వంతెన కూలి ఆరు వారాలైంది. అంబులెన్సులాంటి చిన్న బళ్ళు తప్ప ఏవీ దాటడం లేదు, కొత్త వంతెనకి ఇంకా మూడు నెలలు పడుతుందట. ఆస్పత్రికి సరుకంతా ఓడ మీదే రావాలి. వచ్చే ప్రతి ఓడనీ ఆ పెద్దవాళ్ళు బయటే ఆపి, పైకెక్కి, పెట్టెలన్నీ తెరిపించి, ఐదేసి రోజులు నిలబెట్టి వదులుతున్నారు. యజమానులు విసిగిపోయి ఒక్కొక్కరే రావడం మానేస్తున్నారు. డయాలసిస్ గదిలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకి వాడే ద్రావణం డబ్బాలు ఎంత బరువో నీకు తెలుసు, ఉన్న ఒక్క అంబులెన్సులో రెండు రోజులకి సరిపడా కూడా పట్టవు, రాజధానిలో మిషన్లు ఖాళీ లేవని వీళ్ళని అక్కడా చేర్చుకోవడం లేదు. పెద్ద నర్సు అన్న పేరేగాని, మీ అత్తయ్య ఇప్పుడు చేస్తున్న పని ఆ డబ్బాలకి కాపలా.

ఆ పదకొండు మందిలో మన గుండు పైలట్ ఒకడు. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో, ఈత నేర్పిస్తానని లాంచీ మీంచి నిన్ను తోసేసి, నువ్వు మునుగుతుంటే తనే దూకి తీసినవాడు. కాళ్ళు వాచినా నోరు మాత్రం తగ్గలేదు. మిషను మీద పడుకుని కూడా నా పేకాట తప్పులే ఎంచుతాడు.

నీ ఓడల్ని రోజూ పొద్దున్నే చూస్తున్నాను. ఒక ఓడలో వంటవాడు సరిగ్గా ఎనిమిదింటికి చెత్త పారబోస్తాడు. మా పక్షులన్నీ అటే పోయాయి, దేశభక్తి లేని పక్షులు. లంగరు వేసిన తీరు మాత్రం ముచ్చటగా ఉంది. పని నేర్చుకున్న వాళ్ళు.

నువ్వడిగిన లోతు: ఇరుకులో పాటు వేళ తొమ్మిది మీటర్లు. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు మీద ఇంకో రెండున్నర పెరుగుతుంది. ఆఫీసు ఆఫీసుకి రాసి అడగాల్సిన ముక్క కోడలు మావయ్యకి రాసి అడగడం ఏమిటో నాకు బోధపడలేదు. పోనీలే.

మావయ్య


మార్చి 20, శుక్రవారం

మావయ్యా,

తొమ్మిది మీటర్లు అందాయి. గుండు మావయ్యకు నా నమస్కారాలు చెప్పు. ఆయన తాగించిన సముద్రం నా ఊపిరితిత్తుల్లో ఇంకా కొంచెం మిగిలే ఉంది.

నా పని గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలి, ఇక్కడ వినేవాళ్ళు లేరు. రెండు వారాలుగా వాళ్ళ కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను, ఈసారి ఆ సేనాపతి బుర్రతో. మన జనరల్ గారి లెక్కలో వాళ్ళు పులులు, ఆకలేస్తే దూకుతారు. నాకు కనిపిస్తున్నది వేరు. వాళ్ళ దగ్గర ఓడలు ఎక్కువ, వాటిని బాగుచేసే చోట్లు తక్కువ. ఏడు నెలలు తిరగాల్సిన ఓడ పదకొండు నెలలు తిరుగుతోందని వాళ్ళ తనిఖీ అధికారులే మొత్తుకుంటున్నారు. ఒక్క ఓడ మునిగి ఆ బొమ్మ టీవీలో పడిందంటే అక్కడ కుర్చీలు కదిలిపోతాయి. అందుకని ఇరుకు నీళ్ళంటే వాళ్ళకి హడల్. నీ రేవులోకి వాళ్ళు రారు మావయ్యా.

మరి పోయిన నెల ఇసుకదిబ్బల మీద సైన్యాన్ని దింపుతున్నట్టు ఆ విన్యాసం ఎందుకంటావా? దానికి పత్రికలవాళ్ళని పిలిచి మరీ ఫొటోలు తీయించుకున్నారు. నిజంగా దిగేవాడు ముందు రొట్టెలు చూసుకుంటాడు. పదివేల మంది దిగితే రోజుకి ఎన్ని రొట్టెలు, ఎంత మంచినీళ్ళు కావాలో వాళ్ళ పుస్తకంలోనే ఉంది. ఈ చుట్టుపక్కల ఏ దేశంలోనూ వాళ్ళు ఒక్క రొట్టెల బట్టీ మాట్లాడుకోలేదు, ఒక్క నీళ్ళ ఓడ కుదుర్చుకోలేదు. అంటే ఆ విన్యాసమంతా మనం చూడటానికే. చూసి, బెదిరి, మనకు మనమే ఏదో ఒకటి చేసుకోవడానికి. వాళ్ళ యుద్ధనీతి మూడు వందల పేజీలు. నేను మూడు ముక్కల్లో చెప్తాను: ఎదుటివాడి చేతే చేయించు.

వాళ్ళలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది, ఎవరితోనూ అనకు. తమ తప్పుల్ని తామే అచ్చువేసి అమ్ముతారు. మనం మన తప్పుల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. రెండు ఓడలు గుద్దుకున్న ఒక విచారణలో ఒక చిన్న అధికారి, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇలా చెప్పింది: "నేను నిద్రపోయి ముప్ఫై గంటలైంది. దీపాలు కనిపించాయి, కానీ అవేమిటో నా బుర్రకు ఎక్కలేదు." అది అనువదిస్తుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆ పిల్ల ఇప్పుడు నీ ఎదురుగా ఉన్న ఓడల్లోనే ఎక్కడో ఉండొచ్చు.

నిన్న ఆటలో నాకు ఆరుసార్లు వంతు వచ్చింది. ఆరుసార్లూ ఒక్క చెక్క ఓడని కూడా కదపలేదు. జనరల్ గారు లేచి నిలబడి, "యుద్ధం చెయ్యవేం అమ్మా!" అని అరిచారు. నవ్వాపుకోలేక చచ్చాను. మా ఓడలకి తొందరేముంది మావయ్యా, తొందరంతా మీకే.

నీ కోడలు


మార్చి 27, శుక్రవారం

కోడలికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "మా ఓడలకి తొందరేముంది, తొందరంతా మీకే" అట! మా అంటే ఎవరు, మీ అంటే ఎవరు? ఇక్కడ మీ అత్తయ్య వారానికి మూడుసార్లు పెట్టే మిషనుని రెండుసార్లకి తగ్గించింది. అది కూడా ఒక్కొక్కరి మంచం దగ్గర నిలబడి, మొహం చూసి చెప్పింది. నువ్వేమో రాజధానిలో టీ తాగుతూ వాళ్ళ పిల్లల కోసం ఏడుస్తున్నావు.

గుండుగాడికి చదివి వినిపించాను. "ఉద్యోగంలో పడి అలా రాసేసింది, వదిలెయ్ రా" అన్నాడు. వాడు ఎవరినైనా వదిలేస్తాడు. నా వల్ల కావడం లేదు.

వాళ్ళు రారని నీకు కాగితాల్లో కనిపించిందేమో. నాకు కిటికీలోంచి ఇరవై రెండు ఓడలు కనిపిస్తున్నాయి. నీ రొట్టెల లెక్క విని ఊరుకోవడానికి నాకు గుండె చాలదు. అదృష్టం కొద్దీ మన జనరల్ గారికీ చాలలేదు. నాలుగో జెట్టీకి సిమెంటు మోసే పాత ఓడలు రెండు తెచ్చి కట్టారు, పైభాగాలు కోసేస్తున్నారు. ఎందుకో రాయొద్దన్నారు, రాయను. ఒకటి మాత్రం చెప్తాను. ఆ పని తిన్నగా చేయగల మనిషి ఈ తీరంలో ఒక్కడే ఉన్నాడని అధికారి మన ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కూర్చుని చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్ళలో దేశం నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఆయన వెళ్ళాక మీ అత్తయ్య టీ కప్పులు కడుగుతూ, "ఎన్నాళ్ళకి మళ్ళీ తీస్తారట?" అని మాత్రం అడిగింది. రెండు వారాలన్నారని చెప్పాను.

మావయ్య


ఏప్రిల్ 3, శుక్రవారం

మావయ్యా,

ఇది పోస్టులో వేయడం లేదు. రోగిని దింపడానికి వచ్చిన మీ ఆస్పత్రి అంబులెన్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రాయకూడనివి రాస్తున్నాను, చదివాక చింపెయ్.

ముందు ఆ "మా ఓడలు" మాటకి క్షమించు. వారానికొకసారి ఆ సేనాపతి నోటితో మాట్లాడి మాట్లాడి అలా వచ్చేసింది. నేను ఎవరి పిల్లనో నీకు తెలియదా?

ఆ రెండు ఓడలూ నా బల్ల మీద కూడా ఉన్నాయి, చెక్కవి. ఇరుకులో వాటిని ముంచి రేవు మూసేద్దామని జనరల్ గారి ఎత్తు. వాటిని ముంచే పైలట్‌వి నువ్వని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అది మనం వేస్తున్న ఎత్తు కాదు మావయ్యా, వాళ్ళు మన చేత వేయిస్తున్నది. ఒక్క గుండు పేల్చకుండా, ఒక్క ఓడ పోగొట్టుకోకుండా మన తలుపు మన చేతే మూయించడానికే వాళ్ళు అక్కడ నిలబడ్డారు. మూసుకున్న మర్నాడే చాలావరకు ఓడల్ని తీసుకుని వెళ్ళిపోతారు, వాళ్ళకి ఇంకా చాలా చోట్ల పనుంది. రెండు వారాల్లో తీస్తారన్నది వట్టి మాట. మునిగిన ఓడని తీసే యంత్రం మన దేశంలో లేదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. జనరల్ గారికి ఇది తెలియాలని నిన్నటి ఆటలో లేచి నిలబడి లెక్క చెప్పాను. ఇరుకులో లోతు తొమ్మిది మీటర్లు. మునిగిన ఓడ ఎత్తు ఆరు. దాని మీద మిగిలేవి మూడు, పెద్ద పోటు కలిపితే ఐదున్నర. ఆ రేవుకి వచ్చే అతి చిన్న సరుకు ఓడకి కూడా ఆరు కావాలి. "కాబట్టి ఒక్క ఓడ ముంచితే చాలు, పురుగు కూడా దూరదు. నా పని మీరే చేసిపెడుతున్నారు జనరల్ గారూ, చాలా సంతోషం" అన్నాను. సిగ్గుపడతారనుకున్నాను. ఆయన చెవికి "ఒక్కటి చాలు" అన్నదే ఎక్కింది. ఒకటి ముంచి రెండోది అవసరానికి దాచుకుందామని అక్కడికక్కడే సంతకం పెట్టారు. నీ తొమ్మిది మీటర్లు పట్టుకెళ్ళి నేనే రేవు మూయించాను.

వెళ్ళకు మావయ్యా. ఒంట్లో బాగాలేదని పడుకో. రేవు మూసుకుపోతే అత్తయ్య గదిలో ఆ పదకొండు మంది ఏమవుతారు? గుండు మావయ్య ఏమవుతాడు?

నీ కోడలు


ఏప్రిల్ 6, సోమవారం

కోడలికి,

ఒంట్లో బాగాలేదని పడుకోమంటావా? గాలివానల్లో, నలభై అడుగుల తాడు నిచ్చెన మీద కూడా నేను ఆ మాట అనలేదు. నేను పడుకుంటే ఇంకొకడిని పంపుతారు. వాడికి ఆ నీళ్ళు తెలియవు. ప్రవాహానికి అడ్డం తిప్పుకుని పదిమందిని చంపుతాడు.

గుండుగాడి సంగతి నువ్వు నాకు చెప్పాలా? నిన్న వాడి దగ్గరే కూర్చున్నాను. వారానికి ఒకసారికి వచ్చింది వాడి వంతు. ఇంకో వంతు ఉండేది, పక్క మంచం మీద పంతులమ్మ పరిస్థితి బాగాలేదని ఆవిడకి ఇచ్చేశాడు.

ఎల్లుండి పని. ఇక దీని గురించి రాయకు.

మావయ్య


ఏప్రిల్ 10, శుక్రవారం

మావయ్యా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. రేవు మూసుకుపోయిందని రేడియోలో పాటలాపి చెప్పారు. ఆఫీసులో మిఠాయిలు పంచారు. నేను మేడ మీద నా పాత గదికి పోయి తలుపేసుకున్నాను.

నువ్వు క్షేమంగా ఒడ్డుకొచ్చావో లేదో ఎవరూ చెప్పడం లేదు. నన్ను తిట్టు, పేరు పెట్టి తిట్టు, కానీ ఒక్క ముక్క రాయి. నేను ఆ అంకె అడగకుండా ఉండాల్సింది. అడిగినా, బల్ల దగ్గర తెలివితేటలు చూపించకుండా ఉండాల్సింది. ఎదుటివాణ్ణి సిగ్గుపరిచి దారికి తేవచ్చనుకోవడం చదువుకున్నవాళ్ళ జబ్బు అని అత్తయ్య ఒకసారి అంది. నాకు ఆ జబ్బు ముదిరింది.

నీ కోడలు


ఏప్రిల్ 13, సోమవారం

కోడలా,

డ్రైవరు బండి స్టార్టు చేసి నిలబడ్డాడు, అయినా నిదానంగానే రాస్తాను.

నేను బాగున్నాను. ఎక్కడ దించమన్నారో సరిగ్గా అక్కడే దించాను, అంగుళం అటూ ఇటూ కాలేదు. నీళ్ళు లోపలికి వచ్చేలా అడుగు కవాటాలు తెరిచి మేం లాంచీలోకి దూకాక, అది నిలబడ్డట్టే నిలబడి తిన్నగా కిందికి పోయింది. నా జీవితంలో నేను పోగొట్టుకున్న మొదటి ఓడ అది. ఇంటికొచ్చి స్నానం చేసి, సాయంత్రం దాకా కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే జరిగింది. పదకొండో తారీకు పొద్దున లెక్కపెడితే ఇరవై రెండులో రెండే మిగిలాయి. అవి కూడా ఎక్కడో దూరాన, చుక్కల్లా ఉన్నాయి. మూసుకుపోయిన రేవుకి కాపలా ఎందుకు? వాళ్ళ మనసు నువ్వు చదివావు, నేను కిటికీలోంచి చూసి అదే లోకమనుకున్నాను. ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి చెప్తాను. పైలట్లలో ఒక అలవాటు ఉంది. తొమ్మిది మీటర్లుందని చెప్తే కెప్టెన్ తొమ్మిదికి సరిపడా సరుకు నింపుకుని వస్తాడు, ఒక్క అల ఎక్కువైతే అడుగు తగులుతుంది. అందుకని ఉన్నదానికంటే ఒక మీటరు తగ్గించి చెప్తాం. రిజిస్టర్లో రాసేదీ అంతే. ఆ రిజిస్టర్ చూసి ప్రభుత్వం పుస్తకం వేస్తుంది, ఆ పుస్తకం కొని నీ అగ్రరాజ్యం పటం గీస్తుంది. మా నీళ్ళు మట్టిరంగు, ఆకాశంలోంచి ఎంత తొంగిచూసినా అడుగు కనపడదు. అసలు లోతు బతికున్న పైలట్లం ముగ్గురికీ, మా ఇళ్ళల్లోవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇరుకులో ఉన్నది పది మీటర్లు. నీకు అలవాటు కొద్దీ తొమ్మిదని రాశాను.

కాబట్టి ఆ మునిగిన ఓడ మీద పెద్ద పోటుకి ఉండేవి ఆరున్నర. లెక్క నేను వేయలేదు, గుండుగాడు మిషను మీద పడుకుని వేశాడు. పక్క తీరంలో ఒక చిన్న సరుకు ఓడ ఉంది. డయాలసిస్ ద్రావణం నాలుగు నెలలకి సరిపడా అందులో ఉంది, ఆ తనిఖీలకి జడిసి నెల నుంచి అక్కడే ఆగిపోయింది. దాని కెప్టెన్ నేనంటే వస్తాడు. పదిహేడున అమావాస్య, ఆ మర్నాడు పొద్దున ఏడున్నరకి అన్నిటికంటే పెద్ద పోటు. అది తప్పితే మళ్ళీ పదిహేను రోజులు ఆగాలి. మీ అత్తయ్య దగ్గర ఉన్న డబ్బాలు ఆరు రోజులకి వస్తాయి.

ఇది నీ చెవిన వేయడం తప్పో ఒప్పో తెలియదు. మీటరు సంగతి మీ జనరల్ గారికి తెలిస్తే రెండో ఓడ కూడా ముంచుతాడు, అప్పుడిక దారి లేదు. అబద్ధమాడమని నేను అడగను. ఏం చేస్తావో నీ ఇష్టం.

మావయ్య


ఏప్రిల్ 16, గురువారం

మావయ్యా,

ఆట ఇప్పుడే అయింది. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, డ్రైవరు గేటు దగ్గర ఉన్నాడు.

జనరల్ గారు మహా హుషారుగా వచ్చారు. ఇరవై ఓడలు వెళ్ళిపోవడం ఆయన విజయమట. తర్వాత ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఎందుకైనా మంచిది, రెండోది కూడా ముంచేద్దామా? నీకు ఎక్కడైనా సందు కనిపిస్తోందా?" అన్నారు. నా ముందు నీ పది మీటర్లు ఉన్నాయి, పంతులమ్మ ఉంది, గుండు మావయ్య వాచిన కాళ్ళు ఉన్నాయి. మధ్యవర్తి పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

కుర్చీ నియమం నీకు రాశాను కదా, ఆ సేనాపతి చూడలేనిది నాకు తెలియకూడదు. ఆయన దగ్గరున్నది తొమ్మిది మీటర్ల పటం. "నాకు ఏ సందూ కనిపించడం లేదు. రేవు మూసుకుపోయిందని నమ్మాను కాబట్టే నా ఓడల్ని వెనక్కి పిలిచాను. ఇంకోటి ముంచితే మాత్రం, మొదటిది సరిగ్గా పనిచేయలేదేమోనని నాకు అనుమానం వస్తుంది. మళ్ళీ వచ్చి చూస్తాను" అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జనరల్ గారు కాసేపు గడ్డం గోక్కుని, "అయితే వద్దులే" అన్నారు.

కానీ మావయ్యా, కుర్చీలోంచి లేచాక నేను శత్రువుని కాదు కదా. అప్పుడు చెప్పొచ్చు. ఆయన నా ఎదురుగానే టీ తాగుతున్నారు. చెప్పలేదు. నియమం చాటున దాక్కున్నానంటే దాక్కున్నాను. ఉద్యోగం పోతే పోతుంది, ఇంకేదైనా అయితే అవుతుంది. ఆ పదకొండు మంది బతకాలి, నాకు ఇంకేమీ తోచలేదు.

బయటికి వస్తుంటే మధ్యవర్తి నన్ను ఆపాడు. "కుర్రతనంలో నేను నాలుగు రేవుల్లో పనిచేశానమ్మా. పైలట్ చెప్పిన లోతు ఎప్పుడూ ఉన్నదున్నట్టు నమ్మలేదు" అన్నాడు. ఆయన తన పుస్తకం మూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎల్లుండి పొద్దున ఏడున్నరకి నేను ఎక్కడున్నా గడియారం చూస్తూ ఉంటాను. జాగ్రత్త మావయ్యా.

నీ కోడలు


ఏప్రిల్ 19, ఆదివారం

కోడలా,

ఓడ వచ్చింది.

పొద్దున్నుంచీ జల్లు, పైగా మసక. దూరంగా ఉన్న ఆ రెండూ కనిపించనే లేదు. గుండుగాడు రావద్దంటే వినలేదు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి లాంచీలో పెట్టారు. వాడు ముందు వెళ్తూ సీసపు గుండు కట్టిన తాడు వేసి లోతు చెప్తుంటే, వెనకాల ఓడ మీద నేను. మునిగిన దాని మీదికి వచ్చేసరికి ఇంజను దాదాపు ఆపేశాం. వాడి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. ఆరూ నలభై, ఆరున్నర, ఆరున్నర, ఆరూ నలభై. అడుగున ఎక్కడో ఒకసారి గీరుకున్న చప్పుడు వచ్చింది. ఓడ కెప్టెన్ నా చెయ్యి పట్టుకున్నాడు, నేనూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరు ముసలాళ్ళం అలాగే నిలబడ్డాం. తర్వాత గుండుగాడు "పన్నెండు!" అని అరిచాడు. దాటేశాం.

రేవు అధికారి ఇది చూశాడు. చూసి, గదిలోకి పోయి కిటికీ తలుపులు వేసుకున్నాడు. రేపు ఆయన ఏం రాస్తాడో తెలియదు. ఏం రాసినా సరే, డబ్బాలు దిగిపోయాయి, అవి అయిపోయేలోగా వంతెన వస్తుంది. పంతులమ్మకి ముందు పెట్టారు, తర్వాత గుండుగాడికి. వాడు మిషను మీద నిద్రపోతుంటే మీ అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నెలన్నర నుంచి ఆవిడ కంట నీళ్ళు చూడలేదు నేను.

నీకు ఒకటి చెప్పాలి. దీనికోసమే పొద్దున్నుంచీ నాలుగు కాగితాలు చింపాను.

అలవాటు కొద్దీ తొమ్మిదని రాశానన్నాను. అది నిజం కాదు. అలవాటు బయటివాళ్ళతోనే. ఇంట్లోవాళ్ళకి ఏ పైలటూ మీటరు తగ్గించి చెప్పడు. మార్చిలో నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు మీ అత్తయ్య పక్కనే ఉంది. "పది అని రాయి, పిల్ల అడిగింది" అంది. నేను పెన్ను పట్టుకుని కూర్చుని, నువ్వు ఎవరి కుర్చీలో ఉన్నావో ఆలోచించాను. ఆ పిల్ల ఇప్పుడు ఎవరి మనిషో ఎవరికి తెలుసు అనుకున్నాను. అనుకుని, కావాలనే తొమ్మిది రాశాను.

నాలుగేళ్ళు నా ఇంట్లో తిని, నా బల్ల మీద చదువుకున్న పిల్లని బయటిదాన్ని చేశాను. నువ్వేమో అంతమంది పెద్దల ముందు, ఉద్యోగం పోతుందని తెలిసీ, నా మాట కడుపులో దాచుకున్నావు. పది అని రాసి ఉంటే రెండో ఓడ కూడా మునిగేదనీ, నా అనుమానమే ఊరిని కాపాడిందనీ గుండుగాడు ఓదారుస్తున్నాడు. లెక్క ప్రకారం వాడు చెప్పింది నిజమే. నాకు మాత్రం ఓదార్పుగా లేదు. ఊరు బతికింది నా మంచితనం వల్ల కాదు, నిన్ను నమ్మకపోవడం వల్ల.

సిగ్గుగా ఉంది కోడలా. నన్ను ఏమనాలని ఉందో అది రాయి. తగ్గించి మాత్రం రాయకు.

మావయ్య